లోపలి పూడిక



ఊరిబావిలో నీరు పైకి తేటగానే కనబడును. బొక్కెన యడుగునకు దిగి కదలించినగాని పూడిక యెంత యున్నదో తెలియదు. మనుష్యుని మనస్సును అట్టిదే యని సూఫీ మహనీయులును, ఐరోపాఖండపు మనస్తత్త్వజ్ఞులును వేర్వేరు త్రోవల కనుగొనిరి. ఆ త్రోవలెచ్చట కలియునో, యెచ్చట విడిపోవునో ఒక్క మహాపురుషుని చరిత్రము నాధారముగా గొని మనవి చేసెదను.

అబూహామిద్ గజాలీ 1058లో పారసీక దేశమున తూస్ పట్టణమునందు జన్మించెను. 1091లో బాగ్దాదునందలి నిజామియా విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను. మున్నూరుగురు విద్యార్థులు, లోకమంతట కీర్తి. అట్టివాడు తన్ను దానే ప్రశ్నించుకొనెను: నేను పాఠము చెప్పుట భగవంతుని కొరకా, పేరు కొరకా? పేరు కొరకే యని లోపలినుండి ప్రత్యుత్తరము వచ్చెను. పదవిని విడువవలెనని యొకనాడు నిశ్చయించును. మరునాడే యా నిశ్చయము సడలును. ఇట్లు 1095లో సుమా రారునెలలు గడచెను. తుదకు నాలుక కట్టువడెను. నోరు తెఱచిన మాట రాదు, అన్నము మ్రింగుడుపడదు. ఇది మనస్సున బుట్టి దేహమునకు బ్రాకిన వ్యాధి యని వైద్యులు తేల్చిరి. అంత నాయన కుటుంబమునకు వలయునంత యుంచి, తక్కిన ధనమును పంచిపెట్టి, సిరియా దేశమున కేగి యేకాంతసాధన చేసెను. ఈ వృత్తాంతమును తానే వ్రాసియుంచెను.

సరిగా ఎనిమిదివందల యేండ్లకు, 1895లో, వియన్నా నగర వైద్యులగు బ్రాయర్, ఫ్రాయిడ్ అనువారొక గ్రంథము ప్రకటించిరి. అందొక యువతికి కొంతకాలము మాతృభాష నోట రాలేదు. దాహమైనను నీరు గ్రుక్క దిగలేదు. అణగద్రొక్కిన తలపులు దేహమున రోగమై పొడచూపుననియు, వానిని మాటలలో వెలికి దెచ్చిన నుపశమించుననియు వారు చెప్పిరి. గజాలీ వ్యాధియు నదియే యని నిర్ణయించుట సాహసము. కాని మనస్సు దాచినదానిని దేహము చాటుననుట రెండుచోట్లను కనబడుచున్నది.

పిమ్మట స్విట్జర్లాండు దేశీయుడగు యూంగ్ (1875–1961), మనము లోకమునకు జూపు రూపమును నాటకపు ముసుగుతోను, మనలో నుండియు మన మొప్పుకొనని గుణములను నీడతోను పోల్చెను. ఖురాను పదునెనిమిదవ యధ్యాయమునందలి మూసా ప్రవక్త ప్రయాణకథను 1939లో నాతడు అంతరంగపరివర్తనమునకు దృష్టాంతముగా వ్యాఖ్యానించెను.

సూఫీలు "నఫ్స్" అనెడి జీవభావమునకు మూడు దశలు చెప్పుదురు. మొదటిది చెడువైపునకు ఆజ్ఞాపించునది; రెండవది తన తప్పునకు దన్నే నిందించుకొనునది; మూడవది శాంతించినది. తన్ను తాను నిందించుకొనుట పతనము కాదు, రెండవ మెట్టు. తన నీడను తాను చూడజాలనివాడు ముందునకు సాగడని యూంగ్ చెప్పినదియు దీనికి దగ్గరిదే.

అయినను రెండును ఒక్కటి కావు. మనస్తత్త్వజ్ఞుడు మనుష్యుని యందలి చీలికను మాన్పి సమగ్రుని జేయగోరును. సూఫీ "నేను" అనుదానినే భగవంతునియందు లయింపజేయగోరును. అందులకు ముర్షిదను గురువు నాశ్రయించును. ఒకరిది చికిత్స, వేరొకరిది భక్తి.

గజాలీ 1106లో నైషాపూరున మరల పాఠము చెప్పసాగెను. మునుపు పేరు తెచ్చు విద్యను జెప్పితిననియు, ఇప్పుడు పేరును విడిపించు విద్యను జెప్పుచున్నాననియు నాతడు తెలిపెను. పని మారలేదు, పనికి మూలమైన తలపు మారినది.

నేనును బహుకాలము బడిలో పాఠములు చెప్పినవాడనే. ఆ ప్రశ్నను నాకు నేను వేసికొనినప్పుడు నాకు వచ్చిన జవాబు అంత యింపుగా లేదు. మీరును తగవులు తీర్చువారు, దానధర్మములు చేయువారు. చావడినుండి యిల్లు చేరిన పిమ్మట, ఇది యెవరి కొరకు చేసితినని యొక్కసారి యడిగికొనుడు. పూడిక తీయునప్పుడు నీరు మొదట బురదయే యగును. దానికి జంకి పని మానినవానికి తేటనీరు దక్కదు.