నా నాలుగు వాక్యాలు వర్డ్‌ప్రెస్‌లో ఎలా కలుస్తాయి?

ప్రశ్న: ఉదయగిరి చెక్క గరిటెల గురించి వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైట్ పెట్టాను. ప్రతి వ్యాసం కింద ‘చెక్క గరిటెను నీళ్లలో నాననివ్వకండి’ అని రావాలి. దానికో చిన్న ప్లగిన్ రాసుకోమన్నారు. వర్డ్‌ప్రెస్ తయారుచేసినవాళ్లకు నేనెవరో తెలియదు కదా! నేను రాసింది వాళ్ల ప్రోగ్రామ్‌లో ఎలా కలుస్తుంది?
– డిగ్రీ విద్యార్థిని, సీతారామపురం

జవాబు: ప్లగిన్లు రాసేసి కూడా ఈ సందేహం రానివాళ్లు చాలామందే ఉన్నారు. మీకు మొదటే వచ్చింది.

ఒకసారి తలెత్తి మీ ఇంట్లో ఫ్యాను చూడండి. శ్లాబు పోసేటప్పుడే మేస్త్రీ ఇనుప హుక్కు ఒకటి కిందికి వదిలిపెడతాడు. ఏ కంపెనీ ఫ్యాను తెస్తారో, ఎప్పుడు తెస్తారో ఆయనకు తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ హుక్కు లేకపోతే మాత్రం తర్వాత శ్లాబుకు బెజ్జం పెట్టాల్సిందే.

మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో మొదలుపెట్టిన వర్డ్‌ప్రెస్‌లో 2004లో, 1.2 వెర్షన్‌తో, ప్లగిన్ల ఏర్పాటు వచ్చింది. ప్రోగ్రామ్ పొడవునా అక్కడక్కడా వదిలిన చోట్లకు వాళ్లు పెట్టుకున్న పేరు కూడా హుక్కులే. అసలు ఫైల్లోనే మీ వాక్యం ఇరికిస్తే పోదా అంటారేమో. అదీ పనిచేస్తుంది, తర్వాతి అప్‌డేట్ దాకా. అప్‌డేట్‌లో పాత ఫైళ్ల మీద కొత్తవి వచ్చి పడతాయి, మీ వాక్యం కొట్టుకుపోతుంది. ప్లగిన్ ఉండేది వేరే ఫోల్డర్‌లో కాబట్టి దాని జోలికి ఎవరూ రారు.

ఆ ఫోల్డర్ ‘డబ్ల్యూపీ-కంటెంట్’ లోపల ఉంటుంది, పేరు ‘ప్లగిన్స్’. అందులో మీకో ఫోల్డర్, దానిలో ఒక పీహెచ్‌పీ ఫైలు పెట్టండి. ఫైలు మొదట్లో, కామెంట్‌గా, ‘ప్లగిన్ నేమ్’ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, కోలన్ పెట్టి, ఏదో ఒక పేరు ఇవ్వండి. ఆ పేరు తెలుగులో ఉన్నా ఫర్వాలేదు. ఫైలు మొదటి 8 కిలోబైట్లలో వర్డ్‌ప్రెస్ వెతికేది ‘ప్లగిన్ నేమ్’ అనే మాట కోసమే. కనబడితే ప్లగిన్ల జాబితాలో చూపిస్తుంది. మీరు ‘యాక్టివేట్’ నొక్కగానే ఆ ఫైలు ఎక్కడుందో డేటాబేస్‌లోని ఒక చిట్టాలో రాసిపెట్టుకుంటుంది. అంటే మీరెవరో దానికి అక్కర్లేదు, ఆ చిట్టాలో మీ ఫైలు ఉంటే చాలు.

ఎవరైనా మీ పేజీ తెరిచిన ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ ముందుగా ఆ చిట్టా తీసి, అందులోని ఫైళ్లన్నీ చదువుతుంది. మీ ఫైల్లో, మీ వాక్యాన్ని అతికించే ఫంక్షన్‌తో పాటు, ‘యాడ్ ఫిల్టర్’ అనే ఆజ్ఞ ఉంటుంది. ‘ది కంటెంట్’ అనే హుక్కు దగ్గరికి వచ్చినప్పుడు నా ఫంక్షన్‌ను పిలువు అని దాని అర్థం. అప్పటికి పేరు నమోదవుతుంది, అంతే. వ్యాసాన్ని తెరమీదికి పంపేముందు వర్డ్‌ప్రెస్ ఆ హుక్కు దగ్గర ఆగి, పేరిచ్చినవాళ్లందరినీ వరసగా పిలుస్తుంది. వ్యాసాన్ని ఒకరి చేతిలో పెట్టి, తిరిగి తీసుకుని, తర్వాతివాళ్లకు ఇస్తుంది.

‘తిరిగి తీసుకుని’ అన్నచోటే కొత్తవాళ్లు బోల్తాపడతారు. పిండిమరలో బియ్యం పోస్తే పిండైనా చేతికి రావాలి కదా. మీ ఫంక్షన్ కూడా వ్యాసం తీసుకుని, చివర గరిటె మాట అతికించి, ‘రిటర్న్’ అంటూ మొత్తం తిరిగి ఇవ్వాలి. నా మొదటి ప్లగిన్‌లో ఆ ఒక్క మాట మరిచాను. శీర్షికలు ఉన్నాయి, కింద వ్యాసాలు లేవు! అన్నీ చెరిగిపోయాయనుకుని చెమటలు పట్టాయి. డేటాబేస్‌లో భద్రంగానే ఉన్నాయి. నా ఫంక్షన్ పుచ్చుకుని ఇవ్వలేదు, అదీ సంగతి.

ఇంకొకటి. ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఇంటిపేరుతో పిలుస్తాం. ఫంక్షన్లకూ అంతే. ఒకే పేరుతో రెండుంటే పీహెచ్‌పీ పని ఆపేస్తుంది. అందుకే మీ ఫంక్షన్ పేరుకు ముందు మీదైన ఒక ఇంటిపేరు తగిలించండి.

అయినా సైటు తెరుచుకోకపోతే భయపడకండి. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి, ఇలాంటప్పుడు లోపలికి వెళ్లే లింకు ఒకటి అడ్మిన్ ఈమెయిల్‌కు వస్తుంది. రాకపోతే, మీ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చేయండి. చిట్టాలో రాసిన చోట ఫైలు కనబడదు కాబట్టి వర్డ్‌ప్రెస్ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. తప్పు దిద్దుకుని, పాత పేరు పెట్టి, మళ్లీ యాక్టివేట్ నొక్కండి.