ఎండ తగలని మేను, రొమ్ములో గడ్డ: డి విటమిన్ పాత్ర ఎంత?

"డి విటమిన్ తక్కువైతే రొమ్ము క్యాన్సర్ వస్తుందట గదండీ? మాత్రలు మ్రింగితే రాకుండా ఉంటుందా?" అని సికింద్రాబాదులోని నా వైద్యశాలకు వచ్చే సోదరీమణులు తరచుగా అడుగుతున్నారు. అమెరికాలోనో, ఇంగ్లండులోనో కాపురముంటున్న కుమార్తెలు ఫోనులో చెప్పిన మాట ఇది. ఆ దేశాలలో మన తెలుగు స్త్రీలు అల్పసంఖ్యాక జాతివారు. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం అతినీలలోహిత కిరణాలను అడ్డుకొంటుంది. అందువలన తెల్లని చర్మం కొద్ది నిమిషాలలో తయారుచేసుకొనే విటమిన్‌కు మన చర్మానికి ఎక్కువ సేపు ఎండ కావలసి ఉంటుంది. అక్కడి శీతాకాలంలో ఆ ఎండ దొరకదు. కనుకనే ముదురు రంగు చర్మం గలవారు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాముల డి విటమిన్ తీసికొనే విషయం ఆలోచించవలెనని బ్రిటన్ ఆరోగ్యశాఖ సలహా ఇస్తున్నది.

మరి ఏడాదంతా ఎండ కాచే మన ఊరిలో ఈ లోపమెందుకు? 2007లో వెలువడిన తిరుపతి వైద్యుల పరిశోధన ఈ ప్రశ్నకు కొంత జవాబు చెప్పింది. రోజంతా పొలంలో పనిచేసే పల్లె ప్రజల కంటె పట్నవాసులలో డి విటమిన్ తక్కువగా ఉన్నది. పల్లెవారిలోనూ పలువురికి చాలినంత లేదు. ఎండ ఆకాశంలో ఉంటే చాలదు, చర్మం మీద పడాలి. అపార్టుమెంటు గదిలో ఉండే ఇల్లాలికి, బురఖా ధరించే సోదరికి, ముఖానికి చున్నీ చుట్టి చేతులకు తొడుగులు వేసుకొని స్కూటరు నడిపే అమ్మాయికి అది తగలదు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఈ పనికి రాదు. ఉదయపు లేత ఎండ మంచిదని మనవారి నమ్మకం. మనసుకు, నిద్రకు అది మంచిదే. కాని డి విటమిన్‌ను పుట్టించే కిరణాలు సూర్యుడు పైకి వచ్చిన తరువాతనే భూమిని బాగుగా చేరుతాయి. మన నీడ మన ఎత్తు కంటె పొట్టిగా ఉన్న వేళ అది.

ఇక క్యాన్సరుతో సంబంధం. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీల అక్కచెల్లెళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తున్న పరిశోధకులు 2022లో నల్లజాతి, లాటినా స్త్రీల ఫలితాలను ప్రకటించారు. రక్తంలో డి విటమిన్ చాలినంత ఉన్నవారిలో వ్యాధి తక్కువగా కనిపించింది. లాటినా స్త్రీలలో ఈ తేడా ఎక్కువ, నల్లజాతివారిలో స్వల్పం. అయితే అది యాదృచ్ఛికం కావచ్చునన్న సందేహం తొలగలేదు. మన అమ్మాయిలు ఫోనులో చెప్పేది ఇటువంటి వార్తలనే.

కాని ఎండలో నడిచేవారు వ్యాయామమూ చేస్తారు, బరువూ తక్కువగా ఉంటారు. స్థూలకాయంలో ఈ విటమిన్ కొవ్వులో చిక్కుకొని రక్తంలో తగ్గుతుంది. ముట్లుడిగిన తరువాత అదే స్థూలకాయం రొమ్ము క్యాన్సరుకూ దోహదం చేస్తుంది. కనుక ఏది కారణమో, ఏది తోడుగా వచ్చినదో తేల్చాలంటే మాత్రలిచ్చి చూడవలసిందే. అలాగే చూశారు కూడా. 36,282 మంది స్త్రీలలో కొందరికి కాల్షియంతో పాటు రోజుకు 400 యూనిట్ల డి విటమిన్, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఏడేళ్ళ పాటు ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్ తగ్గలేదని 2008లో తేలింది. 25,871 మందితో, రోజుకు 2,000 యూనిట్లతో జరిగిన మరొక పరీక్ష 2018లో అదే చెప్పింది. ఇందులో నల్లజాతివారు 5,000 మందికి పైగా ఉన్నారు. లోపాన్ని సరిచేసుకొనండి, ఎముకలకు, కండరాలకు అది అవసరం. రొమ్ముకు కవచమని మాత్రం నమ్మకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణమున్నది. 46 ఏళ్ళ సోదరి ఒకరు ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డతో నా వద్దకు వచ్చారు. ఎనిమిది నెలలుగా కుమార్తె పంపిన విటమిన్ మాత్రలు మ్రింగుతూ, ఎవరో చెప్పిన ఆకుపసరు పట్టు వేసుకొంటున్నారు. "నొప్పి లేదు గదండీ, అందుకే ఊరుకున్నాను" అన్నారు. ఆనాడే శస్త్రవైద్యుని వద్దకు పంపాను. అప్పటికే చంకలోని గ్రంథులకు వ్యాధి ప్రాకింది. నొప్పి లేకపోవడం అభయం కాదు. అర్బుదం గుండ్రంగా, గట్టిగా, కదలక, స్వల్పమైన నొప్పితో, లోతైన మూలంతో, మెల్లగా పెరుగుతుందనీ, చీము పట్టదనీ సుశ్రుతుడు నిదానస్థానంలో వర్ణించాడు. చీముగడ్డకు వేసే పట్టులు దీనిపై పనిచేయకపోవడంలో వింతేమున్నది?

జనాభా ఆధారంగా క్యాన్సర్ రోగులను నమోదు చేసే కేంద్రాల వివరాలతో 2020లో వెలువడిన జాతీయ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటె హైదరాబాదులోనే ఎక్కువ: లక్ష మంది స్త్రీలకు 48. పాశ్చాత్యుల కంటె సుమారు పదేళ్ళ ముందే మన స్త్రీలకు ఈ వ్యాధి వస్తున్నది.

దీనికి ఖరీదైన యంత్రాలే కావాలని అనుకోవద్దు. ముంబయి మురికివాడలలో 1998 నుండి జరిగిన పరిశోధనలో, శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో రొమ్ములు పరీక్షించారు. లక్షన్నర మందిని 20 ఏళ్ళు గమనించగా, 50 దాటినవారిలో ఈ వ్యాధి వలన మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువారిలో అంతటి మేలు కనబడలేదు.

ఇంటిలో చేయగలిగినది చెబుతాను. మధ్యాహ్నానికి ముందు వారానికి కొన్ని రోజులు, చర్మం కమలకుండా, చేతులకు, కాళ్ళకు కొంతసేపు ఎండ తగలనివ్వండి. పరదా పాటించేవారికి మేడ మీద చాటు ఉంటే చాలు. చరకుడు పది విధాల లంఘనాలలో ఆతపాన్ని, అంటే ఎండను, ఒకటిగా లెక్కించాడు. కోడిగ్రుడ్డు పచ్చసొన, కొవ్వుగల చేపలు, డి విటమిన్ కలిపిన పాలు ఉపకరిస్తాయి. కాల్షియానికి పెరుగు, నువ్వులు, మొలకెత్తించిన రాగులు వాడండి. 60,000 యూనిట్ల మాత్ర వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి వేసుకొంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడగలవు.

ముట్టు వెళ్ళిన వారం తరువాత స్నానవేళ రొమ్ములను, చంకలను తడిమి చూసుకొనండి. కొత్త గడ్డ, లోనికి ముడుచుకొన్న చనుమొన, రక్తం కలిసిన స్రావం, నారింజ తొక్కవలె మారిన చర్మం కనబడితే గాంధీ ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగంలో గాని, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో గాని ఆ వారంలోనే చూపించండి. తల్లికి గాని, అక్కచెల్లెళ్ళకు గాని ఈ వ్యాధి వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి ముందుగా చెప్పండి; విదేశంలోని కుమార్తెకూ తెలియజేయండి. ఆమెకు మామోగ్రామ్ ఏ వయసులో మొదలుపెట్టాలో అక్కడి వైద్యులు నిర్ణయించడానికి ఈ వివరం కావాలి.