కొవ్వు లేని కొవ్వొత్తి: మైనాన్ని బట్టే మన్నిక, వెలుగు

ఖిదిర్‌పూర్ (కోల్‌కతా): కాళీపూజ నాడు ఇళ్ల గుమ్మాలపై, షబ్-ఎ-బరాత్ రాత్రి సమాధుల వద్ద, క్రిస్మస్‌కు సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో... భిన్న మతాలవారు కలిసి నివసించే ఖిదిర్‌పూర్‌లో కొవ్వొత్తి అందరికీ కావలసిన వస్తువు. చూపుకు అన్నీ ఒకేలా ఉన్నా, ఎండాకాలంలో దుకాణంలోనే వంగిపోయేది ఒకటి, చివరి వరకు నిటారుగా నిలిచి వెలిగేది మరొకటి. ఈ తేడాకు ప్రధాన కారణం అందులో వాడిన మైనమే.

కొవ్వు, వత్తి అనే మాటల కలయికతో ఏర్పడిన తెలుగు పేరు, జంతువుల కొవ్వుతో వత్తులు పోసిన కాలాన్ని గుర్తుచేస్తుంది. బెంగాలీలో దీనిని ‘మోమ్‌బాతి’ అంటారు. ‘మోమ్’ అంటే మైనం. ఈ మాట పారశీకం నుంచి వచ్చింది. నేడు అంగళ్లలో లభించే కొవ్వొత్తులలో అధికభాగం కొవ్వుతోనూ, తేనెమైనంతోనూ కాక, పెట్రోలియం నుంచి లభించే పారఫిన్‌తో తయారవుతున్నాయి.

వత్తి కాదు, ఆవిరి

మంట వేడికి కరిగిన మైనం వత్తి గుండా పైకి పాకి ఆవిరవుతుంది. ప్రధానంగా మండేది ఆ ఆవిరే. కాబట్టి మైనం ఎంత వేడికి కరుగుతుంది, అందులో నూనె ఎంత మిగిలి ఉంది అన్నవి కీలకం.

పారఫిన్: ముడి చమురులోని కందెన నూనె భాగాన్ని చల్లబరచి, గడ్డకట్టిన మైనాన్ని వడకట్టి దీనిని వేరుచేస్తారు. రకాన్ని బట్టి సుమారు 46 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. అసోంలో 1901లో ప్రారంభమైన డిగ్బోయ్ శుద్ధి కర్మాగారం మైనానికి ప్రసిద్ధి. అదే రాష్ట్రంలోని నుమాలిగఢ్‌లో ఏటా 50 వేల టన్నుల సామర్థ్యంతో 2015లో మైనం కర్మాగారం ఏర్పాటైంది. శుద్ధి తక్కువైన రకాలలో నూనె ఎక్కువగా ఉంటుంది. అవి చౌకే అయినా మెత్తగా ఉంటాయి, పొగ ఎక్కువగా వస్తుంది.

స్టియరిక్ ఆమ్లం: జంతు కొవ్వుల నుంచి, పామాయిల్ వంటి నూనెల నుంచి లభిస్తుంది. శుద్ధమైనది దాదాపు 69 డిగ్రీల వద్ద కరుగుతుంది. దీనితో కొవ్వొత్తుల తయారీకి ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు షెవ్రూల్, గే-లుసాక్ 1825లో పేటెంట్ పొందారు. పారఫిన్‌లో కొద్దిగా కలిపితే కొవ్వొత్తి గట్టిపడుతుంది, తెల్లబడుతుంది, అచ్చు నుంచి తేలికగా ఊడివస్తుంది.

తేనెమైనం: సుమారు 62 నుంచి 65 డిగ్రీల వద్ద కరుగుతుంది. సహజమైన సువాసన ఉంటుంది, నిదానంగా కాలుతుంది. కోల్‌కతాకు దక్షిణాన ఉన్న సుందర్‌బన్స్ అడవుల్లో తేనెతో పాటు దీనినీ సేకరిస్తారు. ధర ఎక్కువ కావడంతో పారఫిన్ కల్తీకి అవకాశం ఉంది.

సోయా మైనం: సోయా నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరచి చేస్తారు. 1990లలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. మెత్తగా ఉంటుంది కనుక విడిగా నిలబెట్టే కొవ్వొత్తులకన్నా గాజు పాత్రల్లో పోసేవాటికి అనువైనది.

తయారీదారులు గమనించవలసినవి

మైనం కరగకముందే మెత్తబడుతుంది. కోల్‌కతా వేసవిలో రేకుల కప్పు కింద నిల్వచేసే సరుకుకు తక్కువ వేడికే కరిగే రకం వాడితే నష్టం తప్పదు. కొనేటప్పుడు ధరతో పాటు కరిగే ఉష్ణోగ్రతను, నూనె శాతాన్ని అడిగి తెలుసుకోవాలి.

ఇంటి వద్ద తయారుచేసేవారు మైనాన్ని నేరుగా మంటపై పెట్టరాదు. వేడినీటి గిన్నెలో ఉంచిన మరో పాత్రలో కరిగించాలి. పొరపాటున అంటుకుంటే నీరు పోయరాదు, మంట ఎగసిపడుతుంది. పొయ్యి ఆర్పి, పాత్రపై మూత పెట్టి గాలి తగలకుండా చేయాలి.