నాటి కచేరీ - నేటి ఉమ్మడి పనిశాల

'కచేరీ' యను మాటకు తెలుగున రెండర్థములు కలవు: ప్రభుత్వపు పని జరుగు చోటు ఒకటి, సంగీత సభ మరియొకటి. కర్ణాటకమున మొదటి యర్థము నేటికిని విరివిగా వాడుకలో నున్నది. తమిళనాట రెండవదియే ప్రసిద్ధము. పదిమంది యొకచోట కూడుట యనునది రెంటికిని సామాన్యము. నేడు మహానగరములలో 'కోవర్కింగ్' అను పేర ఉమ్మడి పనిశాలలు వెలసినవి. పలు సంస్థలవారును, ఒంటరిగా పనిచేయువారును ఒకే కప్పు క్రింద బల్లలను అద్దెకు తీసికొందురు. వీని తత్త్వము నెరుగుటకు ఆ పాత కూడిక యేల యేర్పడెనో, యేల విడివడెనో మొదట తెలిసికొనవలెను.

కార్యాలయమును కట్టినది కాగితము. లండనులో లెడెన్‌హాల్ వీధియందు ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు ఒక్కచోట కూర్చుండుటకు కారణము, లెక్కపుస్తకములును ఉత్తరములును అచ్చటనే యుండుట. ఒకడు వ్రాసినదానిని మరియొకడు చూడవలెనన్న ఆ బీరువా చెంతకు రావలసినదే. 1906లో అమెరికాలోని బఫెలో నగరమున ఫ్రాంక్ లాయిడ్ రైట్ నిర్మించిన లార్కిన్ భవనమున గుమాస్తాలు వరుసలు తీరి కూర్చుండి తపాలా వ్యాపారమును నడపిరి. 1911లో ఫ్రెడెరిక్ టేలర్ గ్రంథము పనిని కొలిచి కనిపెట్టు పద్ధతికి శాస్త్రమను గౌరవమును తెచ్చెను. 1960ల దశకమున రాబర్ట్ ప్రాప్‌స్ట్ పనివారికి స్వేచ్ఛ కలుగవలెనని కదల్పదగిన బల్లలను, అడ్డుతెరలను రూపొందించెను. యాజమాన్యములు ఆ తెరలతోనే ఇరుకు గదుల నేర్పరచినవి.

కంప్యూటరును ఇంటర్నెట్టును వచ్చిన పిమ్మట కాగితము మనుష్యుని చెంతకే వచ్చెను. బీరువా చుట్టును కూడవలసిన యక్కర తగ్గెను. కాని ఇంట నొంటరిగా పనిచేయువానికి తోడు కరవయ్యెను. బ్రాడ్ న్యూబెర్గ్ అను సాఫ్ట్‌వేర్ నిపుణుడు 2005 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వారమునకు రెండు దినములు ఒక చోటు తీసికొని బల్లలు పరచెను. మొదటి నెల యెవరును రాలేదు. తరువాత నొక్కరొక్కరుగా చేరిరి. ఆధునిక కోవర్కింగునకు ఇది యాదిగా చెప్పబడుచున్నది.

ఆ తోడును వ్యాపారము వెంటనే గుర్తించెను. భవనమును దీర్ఘకాలపు కౌలుకు తీసికొని, బల్లలను నెలవారీగా అద్దెకిచ్చుట దీని సూత్రము. బల్లలు నిండిన లాభము; ఖాళీయైనను కౌలు తప్పదు. 2010లో న్యూయార్కున పుట్టిన వీవర్క్ 2019 ఆరంభమున 4,700 కోట్ల డాలర్ల విలువ గలదిగా లెక్కింపబడి, 2023 నవంబరులో దివాలా రక్షణ కోరెను. భారతదేశమున ఆఫిస్ సంస్థ 2015లో నెలకొనెను. వీవర్క్ శాఖ 2017లో బెంగుళూరున వెలసెను. హైదరాబాదులో నూతన సంస్థలకై ప్రభుత్వ ప్రోత్సాహముతో 2015లో టి-హబ్ ప్రారంభమయ్యెను. 2020 నాటి లాక్‌డౌను పిమ్మట పెద్ద సంస్థలును ఇట్టి శాలలయందు విరివిగా ఆసనములు తీసికొనుచున్నవి.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. పాత కార్యాలయము మూడు వస్తువులను ఒక్కచోట ముడివేసెను: కూర్చుండు తావు, తోడివారి సాంగత్యము, పనివాని బాగోగులపై యజమాని బాధ్యత. ఉమ్మడి పనిశాల మొదటి రెంటిని అద్దెకు సమకూర్చినది. మూడవది అద్దెకు దొరకదు. పక్కపక్క బల్లలయందు కూర్చున్న ఇరువురిలో నొకనికి భవిష్యనిధి, సెలవులు ఉండవచ్చును. కంట్రాక్టుపై పనిచేయు రెండవవానికి అవి లేకపోవచ్చును.

ఈ చిక్కు ప్రవాసాంధ్రులకు కొత్తది కాదు. తెలంగాణమునుండి తరతరముల క్రిందట షోలాపురమునకు తరలిన పద్మశాలి కుటుంబముల స్త్రీలు పెక్కుమంది తునికాకు, పొగాకు తెచ్చుకొని ఇంటనే బీడీలు చుట్టి అప్పగించుచు జీవించిరి. కార్ఖానాలో కూర్చుండనివారు ఉద్యోగు లెట్లగుదురను వాదము దేశమంతటను బయలుదేరెను. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టము, యజమాని లేక కంట్రాక్టరు ఇచ్చిన సరకుతో ఇంట బీడీలు చుట్టువారిని ఉద్యోగులుగనే నిర్వచించెను. భవిష్యనిధి వారికిని వర్తించునని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. బాగుగా లేని బీడీని తోసిపుచ్చు హక్కు యజమానికుండుటయే, పనిపై అతని యధికారమునకు నిదర్శనముగా గ్రహింపబడెను.

ఈ తీర్పు కప్పును చూడక, పని యిచ్చు చేతిని చూచెను. నేటి పనిశాలకును ఇదియే కొలత. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను, ఇంటివద్ద పనిచేయువారిని పేరుపెట్టి నిర్వచించినది. నిర్వచనము తొలిమెట్టు మాత్రమే. బెంగుళూరునగాని, చెన్నపురినగాని, పూనాలోగాని బల్ల అద్దెకు తీసికొను తెలుగు యువకుడు అద్దె, ధరావతు, ఖాళీచేయు గడువు విచారించుట యుక్తమే. కాని దానికి ముందు తన పనిని మెచ్చుటకును తోసిపుచ్చుటకును అధికారము గలవా రెవరో, తనకు జబ్బుచేసిన దినమున బాధ్యత వహించువా రెవరో విచారింపవలెను. బీడీలు చుట్టిన తల్లులు ఆ ప్రశ్నకు సమాధానము సాధించిన పిదపనే వారి యిల్లు పనిచోటుగా గుర్తింపబడినది.