నీటికి పొలిమేర యెక్కడ?

గ్రామమునకు పొలిమేర యున్నట్లే నీటికిని ఒక పొలిమేర కలదు. ఈ రెండును ఒకటి కావు. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్ర వాయుగుండము వలన కురిసిన వర్షములకు గోదావరి డెల్టాలో సార్వా వరి నీట మునిగినది. అట్టి సమయమున ఎగువవారు గండి కొట్టినచో దిగువ చేలు మునుగును; దిగువవారు అడ్డుకట్ట వేసినచో ఎగువ చేలు కుళ్లును. ఈ తగవు తీరవలెనన్న ఏ చేల నీరు ఏ మురుగు కాలువకు చేరునో మనము ముందుగా తెలిసికొనవలెను.

కాలువలో ఒక చోటికి నీరు వచ్చి చేరు భూభాగమంతయు ఆ చోటికి పరీవాహక ప్రాంతము. దానిని గుర్తింపవలెనన్న పూర్వము లెవెలు యంత్రముతో పొలములన్నియు తిరుగవలసివచ్చెడిది. నేడు నేల ఎత్తుల లెక్కలు ఇంటర్నెట్టులో ఉచితముగ లభించుచున్నవి. 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక ఎండెవర్ రాడారుతో కొలిచినవి కొన్ని; మన కార్టోశాట్-1 ఉపగ్రహ చిత్రముల నుండి తయారైనవి మరికొన్ని. ఈ రెండవవి హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రము వారి ‘భువన్’ ద్వారా లభించును.

ఈ లెక్కలలో నేల సుమారు 30 మీటర్ల చదరపు గళ్లుగా విభజింపబడియుండును. ఒక్కొక్క గడి దాదాపు 22 సెంట్లు. చుట్టునున్న ఎనిమిది గళ్లలో ఏది మిక్కిలి పల్లమో, నీరు ఆ గడిలోనికి పారునని కంప్యూటరు లెక్కగట్టును. మనము కాలువపై ఒక చోటు చూపినచో, అచటికి నీరు చేర్చు గళ్లన్నిటిని కూర్చి చుట్టును గీత గీయును. ఆ గీతయే నీటి పొలిమేర.

రంపచోడవరము కొండలలో ఈ గీత చాలవరకు సరిపోవును. రామచంద్రపురము వంటి సమతల ప్రాంతమున మాత్రము దానిని గ్రుడ్డిగా నమ్మరాదు. ఇచట అడుగు ఎత్తు తేడాయే నీటి దారిని మార్చును. ఆ రాడారు లెక్కలు నిండు మీటర్లలో ఇయ్యబడినవి. అదియుగాక రాడారు దట్టమైన కొబ్బరితోపుల తలలను నేలగా ఎంచి, తోపును మెరకగా చూపును. రోడ్డు గట్టు కనబడును గాని దాని క్రింది తూము కనబడదు.

డెల్టాలో పంట కాలువలు మెరకల వెంబడి, మురుగు కాలువలు పల్లముల వెంబడి సాగును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటి నుండి ఈ ప్రాంతపు సేద్యము ఈ ఏర్పాటుపైననే ఆధారపడియున్నది. కనుక తరచుగా పంట కాలువ గట్టే నీటి పొలిమేర యగును.

కావున పంచాయతీ సభ్యులు కంప్యూటరు పటమును ఆరంభముగా మాత్రమే గైకొనవలెను. దానిని చేతబట్టి, లస్కరును, వృద్ధ రైతులను వెంట నిడుకొని కాలువ గట్ల వెంట నడువవలెను. తూములను, బోదెలను, నీరు నిలిచిన చేలను పటముపై గుర్తింపవలెను. సందేహమున్న చోట ఇంజనీరులచే లెవెలు పట్టింపవలెను. పిదప తుల్యభాగ వంటి ఒకే మురుగు కాలువను ఆశ్రయించిన పంచాయతీలన్నియు ఆ పటము ముందు కూర్చుండి, పూడికతీత ఎచట మొదలిడవలెనో వేసవిలోనే నిశ్చయించుకొనవలెను. వానలు పడిన పిమ్మట గట్టుమీద తగవులాడుటకన్న ఇది మేలు.