బడిలో మధుమేహపు బిడ్డలు

మధుమేహము వయసు మీఱినవారికిని, కూర్చుండి తినువారికిని మాత్రమే వచ్చు వ్యాధియని మన జనులలో నొక నమ్మకము పాతుకొనియున్నది. కావుననే ఏడెనిమిదేండ్ల బిడ్డకు ఆ వ్యాధి సోకినదని వైద్యులు చెప్పినపుడు తల్లిదండ్రులు నమ్మజాలరు. మిఠాయిలు పెట్టి చెఱచితినని నాయనమ్మ విలపించును. ఆమె దోషమేమియు లేదు. పసివారికి సాధారణముగా వచ్చునది టైపు 1 మధుమేహము. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, క్లోమమునందు ఇన్సులిన్‌ను పుట్టించు కణములను నశింపజేయుటచే నది కలుగుచున్నది. ఇన్సులిన్ సూది లేక ఆ బిడ్డ బ్రదుకజాలదు. 1922 జనవరిలో కెనడా దేశపు టొరంటో నగరమున 14 ఏండ్ల బాలునకు తొలిసారిగా ఈ మందు నిచ్చువఱకు, ఈ వ్యాధి సోకిన పిల్లలు కొలది కాలములోనే కడతేఱుచుండిరి.

నేడు మందు మన పట్టణములలో దొరకుచున్నది. అయినను దినములో ఆఱేడు గంటలు బిడ్డ తల్లి కంటికి దూరముగా బడిలో నుండును. అసలు చిక్కు అచ్చటనే కలదు. ఉదయము వేసిన మందు తన పని తాను చేయుచునే యుండును. వేళకు అన్నము కడుపున పడినదా లేదా యని అది విచారింపదు. భోజనమునకు అరగంట ముందు వేయవలసిన రకము కూడ నొకటి కలదు. అది వేసికొని కూర్చున్న పిల్లవానికి, వంట ఆలస్యమైనదనియో, తనిఖీకి అధికారులు వచ్చిరనియో భోజనపు గంట కొట్టనిచో రక్తములోని చక్కెర పడిపోవును. చెమటలు పట్టును, చేతులు వణకును, అడిగిన ప్రశ్నకు పొంతనలేని సమాధానము వచ్చును. సంగతి తెలియని ఉపాధ్యాయుడు దానిని మొండితనమనుకొని గోడకుర్చీ వేయించును! చక్కెర పెరిగినపుడు మఱియొక బాధ: మాటిమాటికి దాహము, మాటిమాటికి మూత్రము. మూడవసారి సెలవడిగిన బిడ్డకు తిట్లే దక్కును.

చేయవలసినది స్వల్పమే. రక్తపు డెసిలీటరునకు చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తగ్గినచో 15 గ్రాముల గ్లూకోజు, అనగా సుమారు మూడు చిన్న చెంచాలు, నీట కలిపి త్రావించి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. పరీక్షించు యంత్రము చేతనుండనిచో, అనుమానమైనను గ్లూకోజు నిచ్చుటయే మేలు. స్పృహ తప్పిన బిడ్డ నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. తూలుచున్న బిడ్డను ఒంటరిగా ఇంటికి పంపుట ఎంతమాత్రము కూడదు.

“మేము వైద్యులము కాము, ఏదేని జరిగిన మా మెడకు చుట్టుకొను”నని ఉపాధ్యాయులు వెనుదీయుదురు. వారి భయము అకారణమని మేమనము. కాని మందు మోతాదు నిర్ణయింపుమని వారిని ఎవరును కోరుటలేదు. అది వైద్యుడు వ్రాసి యిచ్చును. కాస్త పెద్దపిల్లలు సూది తామే వేసికొందురు. వారికి కావలసినది శుభ్రమైన చోటొకటి, మరుగుదొడ్డి మూల కాదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో ఇట్టి బిడ్డలు తరగతిలోను, పరీక్షలోను చక్కెర చూచుకొనుటకును, సూది వేసికొనుటకును, చిరుతిండి తినుటకును అనుమతింపుడని రాష్ట్రములకు వ్రాసినది. తాఖీదు వచ్చుట వేఱు, పంతులు చేతికి గ్లూకోజు పొట్లము వచ్చుట వేఱు.

ఒకటి రెండు తరగతుల పసివాండ్ర మాట మఱింత కష్టము. నడిమధ్యాహ్నము తల్లియే బడికి పోయి సూది వేయవలెను. ఆ తల్లి మన పొలములో నాట్లు వేయు కూలియైనచో? ఒక గంట పోయిరమ్మని పంపి, కూలి కోయకుండుట భూవసతి గల మన పాఠకులకు భారము కాదు. ఇక తల్లిదండ్రులే బడికి తెలుపక దాచుటయు కలదు. ఆడపిల్లయైనచో రేపు పెండ్లి కాదను భయముచే దాతురు. ఆ తల్లిని నిందించుటకు మాకు నోరాడదు. వియ్యమునకు వచ్చి రోగముల లెక్కలడుగు మన పెద్దమనుషులనే అడుగవలసియున్నది. అయినను దాచిన రహస్యము తరగతి గదిలో ప్రాణము తీయగలదు.

వేసవిలో ఒంటిపూట బడులు పెట్టినపుడు భోజనవేళ మాఱును. మందు వేళను వైద్యుని అడిగి మార్చుకొనవలెను. ఎండలో మందు చెడును గనుక, మంచుపెట్టె లేనిచోట తడి కుండలో నుంచుట మంచిది.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. రాబోవు సమావేశమున ఈ సంగతి నెత్తుడు. బిడ్డ తల్లిదండ్రుల సమ్మతితో ఉపాధ్యాయులందఱకు సంగతి తెలుపుడు. ఎవరిని పిలువవలెనో ఆ ఫోను నంబరు వ్రాసి యుంచుడు. గ్లూకోజు పొట్లము లొక బీరువాలో పెట్టింపుడు. ఆ బీరువాకు మాత్రము తాళము వేయనీయకుడు.