పెబ్రిన్ ఏ వంశం? నూట యాభై ఏళ్ళు పట్టిన లెక్క



మన షెడ్డులో పంటను ముంచే రోగాలు ముఖ్యంగా నాలుగు. గ్రాసరీ, ఫ్లాచరీ, మస్కార్డిన్, పెబ్రిన్. కర్ణాటక వైపు మనవాళ్ళు వీటినే హాలుతొండె, సప్పె రోగం, సున్నకట్టు, గంటురోగం అంటారు. ఏది వచ్చినా మనకు నష్టం ఒకటే: ఆకు దండగ, కూలి దండగ, చంద్రికలు ఖాళీ. అందుకే నాలుగింటినీ ఒకే గాటన కట్టి "పురుగుకు రోగం తగిలింది" అనేస్తాం.

కానీ వీటిని తెచ్చేవి నాలుగు రకాల ప్రాణులు. గ్రాసరీ తెచ్చేది వైరస్. దానికి సొంత కణమే లేదు. ఫ్లాచరీలో ఎక్కువగా కనబడేవి బ్యాక్టీరియాలు. వాటికి కణం ఉంది, లోపల కేంద్రకం లేదు. మస్కార్డిన్ ఒక బూజు, అంటే శిలీంధ్రం. దాని కణంలో కేంద్రకం ఉంది. మరి నాలుగోది, పెబ్రిన్? దాని ఇంటిపేరు తేల్చడానికి శాస్త్రవేత్తలకు నూట యాభై ఏళ్ళకు పైనే పట్టింది. ఆ కథ తెలిస్తే గుడ్ల కార్డు కొనేటప్పుడు మనం ఎందుకంత జాగ్రత్త పడాలో అర్థమవుతుంది.

ఒంటిగది గుడిసె, గదులున్న ఇల్లు

బ్యాక్టీరియా కణం ఒంటిగది గుడిసె లాంటిది. వంట, పడక, ధాన్యం అన్నీ ఒకచోటే. కేంద్రకం ఉన్న కణం మనం కట్టుకునే రేరింగ్ హౌస్ లాంటిది. చాకీకి ఒక గది, ఆకు నిల్వకు ఒక గది, పెద్ద పురుగులకు ఒక హాలు. వంశం లెక్కలన్నీ, అంటే జన్యువులన్నీ, కేంద్రకం అనే గదిలో భద్రంగా ఉంటాయి. శక్తి తయారు చేసే పని మైటోకాండ్రియా అనే చిన్న గదులది.

ఈ మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియానే. నూటయాభై కోట్ల ఏళ్ళ కంటే ముందే ఇంకో కణం లోపలికి చేరింది, అక్కడే కాపురం పెట్టింది, బయటికి పోలేదు. మన మల్బరీ ఆకులో పచ్చదనం ఇచ్చే భాగాల కథా ఇంతే. అవి ఒకప్పటి నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా సంతతి. అంటే ఆకు ఎండను మేతగా మార్చడమూ, పురుగు ఆ మేతను పట్టుగా మార్చడమూ ఈ పాత కాపురాల పుణ్యమే.

కేంద్రకం ఉన్న ప్రాణులు మొక్కలు, జంతువులు, శిలీంధ్రాలు మాత్రమే కాదు. ఈ మూడింటిలో చేరనివి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ ఒకే కణంతో బతికేస్తాయి. అమీబా, మలేరియా క్రిమి, చెరువు నీళ్ళలో ఉండే డయాటములు అలాంటివే. వీటన్నిటినీ కలిపి ప్రొటిస్టులు అంటారు. అది ఒక వంశం పేరు కాదు. ఏ ఇంట్లోనూ చేరనివాళ్ళందరినీ ఒకే రేషన్ కార్డులో రాసినట్టు, అంతే. ఆ కార్డులోవాళ్ళకు ఒకరితో ఒకరికి చుట్టరికం ఉండాలని లేదు.

పేరులో ఏముంది అనుకోవద్దు. టొమాటోకు, బంగాళాదుంపకు వచ్చే లేట్ బ్లైట్ చూడండి. చూడ్డానికి అచ్చం బూజే. కానీ అది శిలీంధ్రం కాదు, డయాటములకూ సముద్రపు గోధుమరంగు నాచుకూ చుట్టం. అందుకే బూజు రోగాలకు పనిచేసే కార్బెండజిమ్ దాని మీద పనిచేయదు. వంశం తెలియకుండా మందు కొడితే డబ్బు పోతుంది, తోటా పోతుంది.

మిరియాల పొడి చల్లినట్టు

ఇప్పుడు పెబ్రిన్ సంగతి. 1850ల నాటికి ఫ్రాన్స్ దేశం దక్షిణ భాగంలో ఊళ్ళకు ఊళ్ళు పట్టు మీదే బతికేవి. 1853లో ఆ దేశంలో పండిన పట్టుగూళ్ళు సుమారు 2.6 కోట్ల కిలోలు. 1865 నాటికి అది 40 లక్షల కిలోలకు పడిపోయింది. పురుగులు ఎదగవు, జ్వరానికి సరిగ్గా కూర్చోవు, ఒంటిమీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల మచ్చలు. ఆ ప్రాంతపు భాషలో మిరియాన్ని పెబ్రె అంటారు. పెబ్రిన్ అన్న పేరు అక్కడినుంచి వచ్చిందే.

రోగం పట్టిన పురుగుల్లో మెరిసే కోడిగుడ్డు ఆకారపు బీజాలు కనబడ్డాయి. ఒక్కొక్కటి పొడవు 3 నుంచి 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యి భాగాలు చేస్తే మూడు నాలుగు భాగాలు. 1857లో నాగెలి అనే శాస్త్రవేత్త దీనికి నోసిమా బొంబిసిస్ అని పేరు పెట్టి, ఈస్టు, బ్యాక్టీరియాల గుంపులో చేర్చాడు.

1865లో ప్రభుత్వం తరఫున లూయీ పాశ్చర్ ఆలెస్ అనే ఊరికి వచ్చాడు. అప్పటిదాకా ఆయనకు పట్టుపురుగుతో పరిచయం లేదు. ఆ బీజాలు వేరే ప్రాణి అని మొదట ఆయన నమ్మలేదు, రోగం వల్ల పురుగు ఒంట్లోనే పుట్టిన కణాలు అనుకున్నాడు. ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాక దారి మార్చుకున్నాడు. రోగం మేత ద్వారా ఒక పురుగు నుంచి ఇంకోదానికి వస్తుంది, తల్లి చిలుక నుంచి గుడ్డు ద్వారా పిల్లలకూ వస్తుంది అని తేల్చాడు.

దానికి ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువు. ఒక్కో తల్లి చిలుకతో విడిగా గుడ్లు పెట్టించాలి. పెట్టాక ఆ తల్లిని నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. బీజం కనబడితే ఆ గుడ్లు కాల్చేయాలి. 1870లో ఆయన పుస్తకం వచ్చింది. ఇవాళ మన గ్రెయినేజీల్లో రోగరహిత గుడ్లు తయారవుతున్నది అదే పద్ధతిలో.

ఏ గూటిలో పెట్టాలి?

రోగాన్ని ఆపే దారి దొరికింది గానీ, ఆ ప్రాణి ఎవరో తేలలేదు. 1882లో బాల్బియానీ దీన్ని ప్రొటిస్టుల్లో చేర్చి, ఈ గుంపుకు మైక్రోస్పొరిడియా అని పేరు పెట్టాడు. వందేళ్ళు అదే నడిచింది.

1983లో ఇంకో మలుపు. ఈ కణాల్లో మైటోకాండ్రియా కనబడటం లేదు కదా, కాబట్టి ఇవి ఆ పాత కాపురం మొదలుకాకముందే విడిపోయిన అతి పురాతన కణాలు అన్నాడు కావలియర్-స్మిత్ అనే ఆయన. 1987లో జన్యువుల పోలిక చూసినవాళ్ళూ అవునన్నారు. మన షెడ్డులో పంట తినే క్రిమి, కేంద్రకం ఉన్న జీవుల్లోకెల్లా ముత్తాత అన్నమాట!

అది నిలవలేదు. 1996 నుంచి వేరే జన్యువులు పోల్చి చూస్తే దగ్గరి చుట్టాలు శిలీంధ్రాలని తేలింది. మైటోకాండ్రియాకు చెందిన జన్యువు ఒకటి వీటి కేంద్రకంలోనే దొరికింది. 2002లో ఆ మైటోకాండ్రియా అవశేషమే, ముడుచుకుపోయిన చిన్న సంచి రూపంలో కనబడింది. అంటే ఆ గది మొదటినుంచీ లేకపోవడం కాదు. ఉండి, వాడక పోయి, చిన్న అర అయిపోయింది. వీటి జన్యువులు చాలా వేగంగా మారిపోవడం వల్ల పాత లెక్కలో అందరికంటే దూరంగా, పాతగా కనబడ్డాయి. 2013లో రోజెల్లా అనే, నీటి బూజుల లోపల బతికే పరాన్నజీవి జన్యువులు చదివాక, శిలీంధ్రాల కొమ్మ మొదట్లో విడిపోయిన పాయ ఇదని మరింత స్పష్టమైంది.

ఎందుకు అంత కుదించుకుపోయింది? తేరగా దొరికితే ఎవరు వండుకుంటారు చెప్పండి. ఇది పురుగు కణం లోపలే బతుకుతుంది, పురుగు తయారు చేసుకున్న శక్తినే లాక్కుంటుంది. ఆ లాగే యంత్రాన్ని కూడా ఒకప్పుడు బ్యాక్టీరియా నుంచి సంపాదించుకుంది. ఈ గుంపులోని ఒక క్రిమిలో మొత్తం జన్యువులు సుమారు 2,000 మాత్రమే అని 2001లో తేలింది. మామూలు ఈస్టుకు 6,000 ఉంటాయి. పరిణామం అంటే ఎప్పుడూ చిన్నది పెద్దది కావడమే అనుకుంటాం. ఇది పెద్దది చిన్నదై బాగుపడిన కథ.

పోగొట్టుకోనిది మాత్రం ఒకటుంది, దాని ఆయుధం. బీజం లోపల ఒక సన్నని గొట్టం స్ప్రింగులా చుట్టుకొని ఉంటుంది. ఆకుతోపాటు బీజం పురుగు పొట్టలోకి పోగానే, అక్కడి క్షారగుణానికి గొట్టం ఒక్కసారిగా బయటికి చిమ్ముతుంది. బీజం పొడవుకు ఎన్నో రెట్లు సాగి పేగు కణంలో గుచ్చుకుంటుంది. ఆ గొట్టం దారినే క్రిమి సూదిమందులా లోపలికి దిగుతుంది.

దీనివల్ల మనకేం తెలిసింది?

మొదటిది. ఫ్లాచరీకని కొందరు ఆకు మీద యాంటీబయోటిక్ చల్లుతారు. పెబ్రిన్‌కు అది పనికిరాదు. యాంటీబయోటిక్ కొట్టేది ఒంటిగది గుడిసెలను. పెబ్రిన్ క్రిమిదీ, పురుగుదీ ఒకే తరహా ఇల్లు. పైగా జీవుల వంశవృక్షంలో శిలీంధ్రాలు, జంతువులు పక్కపక్క కొమ్మలు. పెబ్రిన్ మల్బరీ ఆకు కంటే పట్టుపురుగుకే దగ్గరి చుట్టం. పురుగును వదిలి, పురుగు కణంలో దాక్కున్నదాన్ని మాత్రం చంపడం అందుకే కష్టం. షెడ్డులో వాడి పంట నిలబెట్టుకునే మందు లేదు. ఉందని ఎవరైనా సీసా చూపిస్తే నమ్మకండి.

రెండోది. రోగం తల్లి నుంచి వస్తుంది కాబట్టి కాపలా గుడ్డు దగ్గరే. పరీక్ష లేని గుడ్లు, ఎవరో ఇంట్లో పెట్టించిన గుడ్లు కొన్ని రూపాయలు తక్కువకు వస్తాయని తేవద్దు. కేంద్ర పట్టు మండలి చట్టానికి 2006లో జరిగిన సవరణ గుడ్ల తయారీని రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది కూడా ఇందుకే. తల్లి నుంచి రోగం తెచ్చుకున్న నాలుగు పురుగులు చాలు. చాకీలో వాటి పెంట పడిన ఆకు తిని పక్కవన్నీ అంటించుకుంటాయి.

మూడోది. బీజం గోడ గట్టిది. ఎండిన పెంటలో, దుమ్ములో, తట్టల సందుల్లో నెలల తరబడి బతికి ఉంటుంది. పంట పంటకూ మధ్య శుద్ధి మానకూడదు. 2 శాతం బ్లీచింగ్ పౌడర్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ళు, అంటే 100 లీటర్లకు 2 కిలోల బ్లీచింగ్, 300 గ్రాముల సున్నం, గోడలకు, నేలకు, స్టాండ్లకు తడిసేలా కొట్టాలి. పచ్చి పెంటను తోటలో చల్లవద్దు. గుంటలో మగ్గబెట్టాకే వేయండి. తోటలో వేరే గొంగళి పురుగులను పట్టించుకోండి. వాటిలోనూ మైక్రోస్పొరిడియాలు ఉంటాయి, కొన్ని మన పురుగుకు సోకగలవు. ఒడిశాలో టసర్ మేపేవాళ్ళకూ ఈ కుటుంబంవే శత్రువులు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యం. పురుగులు చిన్నా పెద్దా అయిపోయి, జ్వరం ఒకేసారి దిగకుండా, ఒంటిమీద మిరియాల మచ్చలు కనబడితే దాచుకోకండి. ఈ గుర్తులు వేరే కారణాలకూ వస్తాయి. తేల్చేది మైక్రోస్కోపు మాత్రమే. అనుమానం ఉన్న పురుగులను దగ్గరి టెక్నికల్ సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయి చూపించండి. విత్తన గూళ్ళు పండించే అన్నలు మరీ జాగ్రత్త. పురుగుకు ఆలస్యంగా సోకితే గూడు కడుతుంది, చిలుకా వస్తుంది, చూడ్డానికి ఏ లోపమూ ఉండదు. మీ ఒక్క షెడ్డులో దాచిన రోగం గుడ్ల కార్డు ఎక్కి, మీరు పేరు కూడా వినని ఊళ్ళో ఇంకో కుటుంబం అప్పు చేసి మేపుతున్న పంటలో బయటపడుతుంది.

ఈసారి చాకీ తెచ్చుకునేటప్పుడు గుడ్లు ఏ గ్రెయినేజీవి, పరీక్ష ఎప్పుడు జరిగింది అని అడగండి. అడిగితే తప్పులేదు. చెప్పనివాళ్ళ దగ్గర తెచ్చుకోవద్దు.